యజమాని ఇంటి ముచ్చట రాని పత్రిక

నిన్న సాయంత్రం మా ఇంటికి ఒక కుర్రవాడు వచ్చాడు. కుర్రవాడంటే మరీ చిన్నవాడేమీ కాదు, జనగామ చుట్టుపక్కల ప్లాట్ల వ్యాపారం చేస్తున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మన వయసుకు వచ్చాక నలభై లోపు వాళ్లందరూ కుర్రవాళ్లలాగానే కనిపిస్తారు కదా. చెప్పులు బయట విడిచి, అవ్వా అని పిలిచి, కుర్చీలో సగమే కూర్చుని, ఎంతో మర్యాదగా ఒక మాట అడిగాడు. మా ‘వాడకట్టు’ వారపత్రిక పేరు ఇంకా నా పేరు మీదనే ఉన్నదట, దాన్ని తనకు రాసిస్తే ఆ పేరుతో ఫోనులో వచ్చే వార్తల ఛానెల్ ఒకటి మొదలుపెడతాడట. ఎట్లా ఉంటుందో ఫోను తీసి చూపించాడు కూడా. పైన రంగురంగుల అక్షరాల్లో ‘వాడకట్టు’ అని ఉంది, దాని కింద చేతులు జోడించి నవ్వుతున్న అతని ఫోటో ఉంది, పేరు కన్నా ఫోటోనే పెద్దది. ఆలోచించుకోమని చెప్పి, రేపు వస్తానని పోయాడు. ఇయ్యాలా వద్దా అన్నది రేపటిలోగా నేను తేల్చుకోవాలి.

ఇచ్చేస్తే నాకు పోయేదేముంది, పత్రిక ఆగిపోయి యేళ్లవుతున్నది కదా అని మీరు అనవచ్చు. ఇంట్లో మా చెల్లె కూడా అదే అంటున్నది. కానీ ఆ పేరు చేతులు మారిన ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను, ఎందుకు మారిందో నాకు తెలుసు, ఆ సంగతి తలుచుకోకుండా జవాబు చెప్పలేను. అందుకే ఈ పొద్దు వంట పని చెల్లెకు అప్పజెప్పి, మన ఈడు వాళ్లతో నాలుగు ముచ్చట్లు చెప్పుకుందామని కాగితం ముందేసుకున్నాను.

నలుగురూ కలిసిమెలిసి బతికే వీధుల గుంపును మా వైపు వాడకట్టు అంటాము. జనగామ స్టేషనుకు దగ్గర్లో మా వాడకట్టు ఉండేది. హమాలీలు, దర్జీలు, చిన్న దుకాణాల వాళ్లు, ఒకరిద్దరు పంతుళ్లు, రైల్వేలో పనిచేసే ఒక కుటుంబం, పక్క సందులో ముస్లింల ఇండ్లు, అందరం కలిసి ఒకే నల్లా దగ్గర కొట్లాడుకునేవాళ్లం. మా పెద్దబాపు, అంటే మా నాయిన అన్న, ఆ వాడలో పెండ్లి పత్రికలు, బడి ప్రశ్నాపత్రాలు అచ్చేసే చిన్న ప్రెస్సు నడిపేవాడు. కాలితో తొక్కే ఒక ట్రెడిల్ మిషను, నాలుగు అరల నిండా సీసం అక్షరాలు, ఒక బల్ల, అంతే. ఆయనకు ఉన్నట్టుండి మన వాడకు మనకే ఒక పత్రిక ఉండాలన్న బుద్ధి పుట్టింది. నాలుగు పేజీలు, శుక్రవారం శుక్రవారం. నల్లా ఎప్పుడు వస్తుంది, ఎవరి మేక తప్పిపోయింది, పదో తరగతి ఎవరు పాసయ్యారు, ఇట్లాంటివే వార్తలు. హైదరాబాదు పత్రికలు చదివే పెద్దమనుషులు నవ్వుకున్నారు గాని, మేక దొరికిన మనిషి నవ్వలేదు.

ఆ పత్రికలో అందరూ ముందుగా తిప్పి చూసేది చివరి పేజీ. అక్కడ కింది మూలన నల్ల గీతలతో ఒక డబ్బా ఉండేది. వాడకట్టులో ఎవరు చనిపోయినా ఆ డబ్బాలో వాళ్ల పేరు, ఎవరి బిడ్డో ఎవరి భార్యో, వాళ్లు చేసిన పని, ఇవి ఉచితంగా వేసేవాళ్లు. ఎవరూ పోని వారం ఆ జాగాలో ఇంకేదో వార్త పడేది. మా వాడ ఆడబిడ్డలు నెల్లికుదురు, నర్సింహులపేట దిక్కు కాపురాలకు పోయినవాళ్లు, భూపాలపల్లి బొగ్గుబాయిల పనికి పోయిన మొగవాళ్లు, పత్రికను తెప్పించుకునేది ముఖ్యంగా ఆ డబ్బా కోసమే. కట్ట ఒకటి ప్యాసింజరు రైలులో మహబూబాబాదుకు పోయేది, అక్కడి నుంచి బస్సు డ్రైవర్ల చేతుల మీదుగా ఊళ్లకు చేరేది. పుట్టింటి వాడలో ఎవరు వెళ్లిపోయారో ఆ ఆడపిల్లలకు అట్లా తెలిసేది.

డబ్బాలో చేసిన పని తప్పకుండా ఉండాలని పెద్దబాపు పట్టు. మొగవాళ్లయితే ఇబ్బంది లేదు, హమాలీ అనో దర్జీ అనో ఇంట్లో వాళ్లే చెప్పేవాళ్లు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికే చిక్కు. అప్పుడు బడి చదువు ముగించి ఇంట్లో ఉన్న నన్ను ఆ ఇండ్లకు పంపేవాడు. మీ అమ్మ ఏం పని చేసేదని అడిగితే ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు, “ఏం చేస్తది, ఇంట్లనే ఉండె” అని. అది రాసుకొని వస్తే పెద్దబాపు కళ్లజోడు మీదుగా నా దిక్కు చూసి మళ్లీ పొమ్మనేవాడు. మళ్లీ పోయి కూర్చుంటే మెల్లగా మాట మీద మాట వచ్చేది, కోడలు ఒకటి చెబితే పక్కింటామె ఇంకొకటి చెప్పేది, చివరికి ఏదో బయటపడేది. వాడలో సగం మంది పిల్లలకు మొదటి స్నానం చేయించింది అనో, చింతకాయ తొక్కు ఆమె చేత్తో కలిపితే యేడాదైనా చెడేది కాదనో, తాగి వచ్చిన మొగవాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసేది అనో. ఆ చివరిది కూడా వేశాము. ఆ ఇంటి మొగవాళ్లు రెండు వారాలు మా ముఖం చూడలేదు.

ఇక ఈ పత్రికకు ఉన్న రెండో కట్టుబాటు ఏమిటంటే, యజమాని ఇంటి ముచ్చట అందులో రాకూడదు. పెండ్లి గాని, చావు గాని, పరీక్ష పాసవ్వడం గాని, ఏదీ. ఇది పెద్దబాపు వయసులో ఉన్నప్పుడు మనసుకు తగిలిన దెబ్బ నుంచి పుట్టింది. ఆయన వేరే ఊళ్లో ఒక ప్రెస్సులో అక్షరాలు పేర్చే పనిలో ఉండగా, ఆ యజమాని తన కొడుకు పెండ్లితో పత్రికంతా నింపి, గూడ్సు షెడ్డులో బస్తాలు మీదపడి చనిపోయిన హమాలీ వార్తకు జాగా లేదని తీసేయమన్నాడట. పేర్చిన అక్షరాలను పెద్దబాపే తన చేతులతో విడదీసి అరల్లో వేయాల్సి వచ్చింది. ఆ పేరు ఒక్కో అక్షరం విడిపోతుంటే చూడలేకపోయిన బిడ్డా అని చెప్పేవాడు.

ఈ కట్టుబాటు మొదటి దెబ్బ నా మీదే పడింది. మాది ఉమ్మడి కుటుంబం కాబట్టి నా పెండ్లి యజమాని ఇంటి పెండ్లే. వాడలో ప్రతి పెండ్లికీ రెండు వరుసలైనా పడతాయి కదా, నాకూ పడుతుందేమోనని లోపల్లోపల ఆశపడి, శుక్రవారం నాడు పత్రిక తిరగేస్తే నా పెండ్లి లేదు గాని అదే రోజు పెండ్లి చేసుకున్న సైకిలు షాపు వాళ్ల అబ్బాయి పెండ్లి ఉంది. నేను ఏడ్చాను. మా అత్తగారి వాళ్లయితే మీ పెద్దబాపుకు ఈ సంబంధం ఇష్టం లేదా అని నిలదీశారు. మా ఆయన ఒక్కడే నవ్వాడు. ఆయన తరిగొప్పుల బడిలో లెక్కల సారు, ఏ విషయానికీ తొందరపడని మనిషి, పెద్దబాపు ఎదుటికి పోయి మీ పత్రిక మీద నాకు నమ్మకం కుదిరిందని చెప్పి వచ్చాడు. ఆ తరువాత ప్రతి శుక్రవారం తరిగొప్పుల కట్టను ఆయనే బస్సులో తీసుకుపోయేవాడు.

పెద్దబాపుకు జబ్బు ముదిరి, హైదరాబాదు దవాఖానలో లాభం లేదని పంపించేసినప్పుడు ఆయన చేసిన మొదటి పని, పత్రికను తన స్నేహితుడికి అప్పగించడం. ఆ స్నేహితుడు మార్కెట్ యార్డులో రైతుల ధాన్యం అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడిపేవాడు, మేము మామ అని పిలిచేవాళ్లం. చేతగాక ఇచ్చేస్తున్నాడని అందరూ అనుకున్నారు. నేను మాత్రం పక్కన కూర్చుని దానిమ్మ గింజలు ఒలుస్తుంటే నాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: “ఇగ నేను యజమానిని కాదు బిడ్డా. డబ్బాల నాకు గింత జాగ దొరుకుతది.” నాకు దానిమ్మ గింజలు కనబడలేదు, కళ్ల నిండా నీళ్లే. తన డబ్బాలో ఏం రాయాలో కూడా ఆయనే చెప్పాడు, ప్రెస్సు అనొద్దు, పత్రిక అనొద్దు, ‘అడిగి రాసేటోడు’ అని రాయమన్నాడు. అట్లాగే రాశాను.

మామ సరదా మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆయన చేతిలో పత్రిక బాగానే నడిచింది, మిర్చి ధరలు పత్తి ధరలు కూడా వచ్చేవి. అయితే ఆయనకు పురపాలక ఎన్నికల్లో వార్డు నుంచి నిలబడాలని కోరిక పుట్టింది. నిలబడితే ఫోటో వేయాలి, వేయడానికి వీల్లేదు. పది మందిలో ఆ కట్టుబాటుకు ఒప్పుకొని తీసుకున్నాడు కాబట్టి మాట తప్పలేక, మనసు చంపుకోలేక మామ కొన్నాళ్లు తెగ పరేషానయ్యాడు. చివరికి ఒకనాడు ప్రెస్సుకు వచ్చి, అక్కడ మొదటి నుంచి అక్షరాలు పేర్చే చాచాతో ఈ పొద్దుటి నుంచి పత్రిక నీది అనేశాడు. మా వాడలోని ఆ ముస్లిం పెద్దాయనను చిన్నాపెద్దా అందరం చాచా అనే పిలిచేవాళ్లం. మరుసటి వారం మామ ఫోటో, మెడలో దండతో సహా, మొదటి పేజీలో వచ్చింది. మామ ఓడిపోయాడు. ఓడిపోయి, తిరిగి వచ్చి, నా పత్రిక నాకియ్యరాదు అని చాచాను అడిగాడు. చాచా లేచి, గూట్లోంచి ఆ ఫోటో అచ్చు దిమ్మ తీసి ఆయన చేతిలో పెట్టి, “మామా, మీది గిదొక్కటే ఉన్నది, పట్టుకపోండ్రి” అన్నాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు, ఇరానీ చాయ్ తెప్పించుకున్నారు. ఆ కాలం మనుషులు ఓడిపోవడం కూడా ఎంత బాగా ఓడిపోయేవాళ్లు.

చాచా యజమాని అయినా చేసే పని మారలేదు, అదే బల్ల, అదే అక్షరాల అరలు. ఇంట్లో దక్నీ ఉర్దూ మాట్లాడే ఆయన వేళ్లకు తెలుగు ఒత్తులూ దీర్ఘాలూ చూడకుండానే దొరికేవి. ఆయన కూతురు నర్సు చదువు చదివింది. ఆ అమ్మాయికి భూపాలపల్లి దవాఖానలో ఉద్యోగం వచ్చిన రోజు చాచా ప్రెస్సుకు రాలేదు, నేరుగా మా ఇంటికి వచ్చాడు. మా ఆయనా నేనూ అన్నం తింటున్నాము. గడపలో నిలబడి, పత్రిక మీరు తీసుకోండ్రి అన్నాడు. ఏమైంది చాచా అంటే, “అందరి బిడ్డల పేర్లు పేర్చిన బేటీ. ఒక్కపారి నా బిడ్డ పేరు పేర్చుకుంట” అన్నాడు. మా ఆయనది సర్కారు నౌకరీ కాబట్టి పత్రిక ఆయన పేరు మీద ఉండే వీల్లేదు, అట్లా నేను యజమానినయ్యాను. ఆ శుక్రవారం చాచా బిడ్డ వార్త నాలుగు వరుసలు వచ్చింది. పేరు ఒక్కటి మాత్రం పెండ్లి పత్రికల కోసం దాచుకునే పెద్ద అక్షరాల్లో ఉంది. మా ఆయన చూసి, కట్ట చంకన పెట్టుకొని బస్సుకు పోయాడు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు అనిపిస్తుంది, మా పత్రిక ఒక్కసారి కూడా మామూలు బేరంతో చేతులు మారలేదు. ప్రతి యజమాని ఇంట్లోనూ చెప్పుకోకుండా ఉండలేని ముచ్చట ఒకటి వచ్చేది, అది చెప్పుకోవడానికి పత్రికనే వదులుకునేవాళ్లు. మాకు పిల్లలు కలగలేదు కాబట్టి, చెప్పుకోవాల్సిన ముచ్చటంటూ మా ఇంటికి రాదని నేను ధైర్యంగా ఉండేదాన్ని. చాలా కాలం అట్లానే గడిచింది.

మా ఆయన ఉన్నట్టుండి పోయాడు. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, ఛాతీలో పట్టేసినట్టుందని కూర్చున్నాడు, అంతే. పెద్దబాపు లాగా ముందుగా తెలిసి పత్రికను ఎవరికైనా అప్పజెప్పే వ్యవధి మాకు దొరకలేదు. రెండో నాడు చాచా వచ్చాడు. అప్పటికే ఆయన చేతులు వణికేవి, అయినా పని మానలేదు. జేబులోంచి తడి ఆరని ప్రూఫు కాగితం తీసి నా ముందు పెట్టాడు. చివరి పేజీ కింది మూలన నల్ల గీతల మధ్య మా ఆయన పేరు. ఆ పేరు మా పత్రికలో నేను చూడటం అదే మొదలు. ఎంత బాగుందో అనిపించింది, ఆ అనిపించినందుకు ఏడుపొచ్చింది. చేతిలో ఉన్నది ఒక్క మాట, ఉండనీ చాచా అంటే చాలు, వాడకట్టులో ఒక్కరు కూడా తప్పు పట్టరు. కానీ విడదీసిన హమాలీ పేరు, నా పెండ్లి, మామ ఫోటో, చాచా బిడ్డ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. తీసెయ్యి చాచా అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, గోడ పట్టుకొని మెల్లగా వెళ్లిపోయాడు.

శుక్రవారం పత్రిక వచ్చింది. చివరి పేజీ కింది మూలన నల్ల గీతల డబ్బా అట్లాగే ఉంది, లోపల ఏమీ లేదు. అక్షరాలు తీసేశాడు గాని గీతలు తీయలేదు. మరచిపోయాడో, కావాలనే వదిలేశాడో తెలియదు. తరువాత అడిగితే “ఆ పొద్దు చేతులు పనిచెయ్యలే బిడ్డా” అన్నాడు.

దినాలు గడిచాక మళ్లీ వార్తల కోసం వాడలోకి పోవాల్సి వచ్చింది. మంగలి షాపులో పత్రికను గోడకు అతికించి ఉంచుతారు, పాత వారందే ఇంకా ఉంది. ఆ ఖాళీ డబ్బాలో ఎవరో బాల్ పెన్నుతో మా ఆయన పేరు రాశారు, కింద చేసిన పని దగ్గర ‘మా పిల్లగాన్ని లెక్కల్ల పాసు చేసిన సారు’ అని రాశారు. నేను అక్కడి బెంచీ మీద కూర్చుండిపోయాను. చాయ్ హోటల్‌కు పోతే అక్కడి పత్రికలోనూ పేరు ఉంది, ‘చక్కెర లేని చాయ్ తాగేటాయన’ అని ఉంది. దర్జీ దుకాణంలో ‘ఎన్నడు గట్టిగ మాట్లాడనోడు’ అని ఉంది. కొన్నాళ్లకు నర్సింహులపేట నుంచి వచ్చిన మా వాడ ఆడబిడ్డ ఒకామె, కట్ట తెచ్చిన బస్సు డ్రైవరు నోట మా ఆయన సంగతి విని తన కాపీలో తానేం రాసుకున్నదో చెప్పింది. ఆమె చిన్నప్పుడు ఎద్దు తరిమితే మా ఆయన సైకిలు అడ్డం పెట్టాడట. నాకే తెలియదు ఆ సంగతి. ఒకరితో ఒకరు అనుకొని చేసింది కాదది. ఏళ్ల తరబడి ఇంటింటికీ పోయి, ఏం పని చేసేవాళ్లని విసిగించి అడిగాను కదా, ఆ అలవాటు వాళ్లకూ పట్టింది. అడగకుండానే చెప్పారు.

ఆ తరువాత చాచా పోయాడు, ఆయన డబ్బా నిండుగా వేశాము. ట్రెడిల్ పోయి కంప్యూటరు వచ్చింది, మామ పోయాడు, మామ భార్య పోయింది, ఒక్క జిల్లా ఐదారు జిల్లాలయ్యింది. కరోనా వచ్చిన యేడు మాత్రం నావల్ల కాలేదు. ఎవరి ఇంటికీ పోకూడదు, ఎవరినీ అడగకూడదు, పోయినవాళ్ల గురించి ఫోనులో పేరొక్కటే తెలిసేది. అడగకుండా డబ్బా రాయడం నాకు చేతకాక పత్రిక ఆపేశాను, ఆపిందాన్ని మళ్లీ లేపే ఓపిక లేకపోయింది.

నిన్న వచ్చిన కుర్రవాడు ఆ మామ మనవడే. అందుకే ముందు నా మనసు మెత్తబడింది. యజమాని ఇంటి ముచ్చట రాకూడదన్న సంగతి చెప్పి, ఒప్పుకుంటావా అని అడిగాను. వాడు కల్మషం లేకుండా నవ్వి, “మన దాంట్ల మనది రాకపోతే ఇగ అదెందుకవ్వా?” అన్నాడు. వాళ్ల తాతకూ అదే కోరిక ఉండేది, కాకపోతే ఆయన పత్రికను వదిలేసి ఫోటో వేయించుకున్నాడు. సరే, కాలం మారిందనుకొని ఇంకో మాట అడిగాను, మీ నాయినమ్మ ఏం పని చేసేదిరా అని. వాడు “ఏం చేస్తది, ఇంట్లనే ఉండె” అన్నాడు.

మార్కెట్ యార్డులో బస్తాలు ఎత్తే హమాలీలకు పొద్దున్నే జొన్న అంబలి కాచి పోసేది ఆమె, యేండ్లకు యేండ్లు, ఒక్క పూట కూడా తప్పకుండా. ఆ డబ్బా నేనే రాశాను. వాడికి చెప్పాను. “అవునా అవ్వా, నాకెరకే లేదు” అని ఫోను కింద పెట్టి విన్నాడు, చాలాసేపు విన్నాడు. మంచి పిల్లవాడే. అడిగేవాళ్లు లేక తెలియలేదు, అంతే.

నా స్వార్థం కూడా మీ దగ్గర దాచను. ఈ పేరు వాడికి ఇచ్చేస్తే నేను యజమానిని కాకుండా పోతాను, రేపు నేను పోయినప్పుడు ఆ ఛానెల్‌లోనైనా నా పేరు ఒకసారి వస్తుంది. పూలు, దీపాలు, పాట కూడా పెడతారు. ఇయ్యకపోతే అదీ లేదు. పెద్దబాపుకు దొరికింది, చాచాకు దొరికింది, నాకు మాత్రం ఎందుకు వద్దు అని పొద్దుటి నుంచి మనసు పీకుతూనే ఉంది. కానీ ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఒక పత్రిక ఉంది, ప్రతి మనిషీ యజమానే, అందరూ తమ ఇంటి ముచ్చటే వేసుకుంటున్నారు. పక్కింటామె ఏం పని చేసేదని గడప ఎక్కి అడిగే మనిషి లేడు. ఆ ఒక్క పనికి పెట్టిన పేరు అది, ఇంకొక పనికి ఇయ్యలేను. రేపు వాడు వస్తే చాయ్ పోసి, ఇయ్యను బిడ్డా అని చెబుతాను. వీలైతే మీ సందులో మొన్న పోయిన పూలమ్మే ముసలామె గురించి ఒకసారి అడిగి తెలుసుకో అని కూడా చెబుతాను.

చివరి యజమానిని నేనే అవుతాను. నేను చనిపోయిన వారం ఏ పత్రికా రాదు, చివరి పేజీ ఉండదు. నాకు పేరు రానందుకు దిగులు లేదు, మా ఆయనకు కూడా అచ్చులో రాలేదు. కానీ ఆయనకు చాచా ఒక ఖాళీ డబ్బా మిగిల్చాడు. నా గురించి ఒక మాట రాయాలని ఎవరైనా పెన్ను తీస్తే, రాసుకోవడానికి వాళ్లకు ఆ జాగా కూడా ఉండదే అని, అదొక్కటే బాధ.